చూద్దాంగారి కృత్రిమ మేధ

బీరువా తలుపుకు పై బందు ఊడిపోయి చాలాకాలమైంది. తెరిస్తే చాలు, తలుపు ఒక పక్కకు వాలి తెరిచినవాళ్ళ భుజం మీద చేరగిలబడుతుంది. ఆ ఉదయం కూడా అతని భార్య భుజంతో తలుపును మోస్తూ లోపలి నుంచి చీర లాక్కుంటూ అంది.

"ఏవండీ, మంచాలూ బీరువాలూ అమ్మే కంపెనీలో ఫిర్యాదుల సీటు మీది. మన ఫిర్యాదు ఎవరికి చెప్పుకోమంటారు?"

"చూద్దాం," అన్నాడతను, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆ మాటే అతనికి పేరైపోయింది. ఆఫీసులో అందరూ చూద్దాంగారనే అంటారు, అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు. సోఫా కాలు విరిగిందని వచ్చినా, మంచం కిర్రుమంటోందని వచ్చినా, ఎదురుగా నిలబడ్డ మనిషిని కాదని పంపే ధైర్యం లేదు, ఔనని పని చేయించే చొరవా లేదు. "చూద్దామండీ" అని చల్లగా చెప్పి సాగనంపుతాడు. కానీ ఆ రోజు మాత్రం మధ్యాహ్నం సెలవు పెట్టి, బందు కొని, తలుపు బిగించి, భార్య చేత శభాష్ అనిపించుకోవాలని గట్టిగా అనుకునే బయల్దేరాడు.

షోరూమ్‌లో అడుగు పెట్టగానే ఆ గట్టితనం కాస్తా నీరుగారింది. మధ్యలో కొత్తగా పెద్ద తెర వెలిసింది. సిబ్బందంతా చుట్టూ నిలబడి ఉన్నారు.

"దీని పేరు తక్షణ," అంటోంది యజమానురాలు. "కృత్రిమ మేధ. ఇకమీదట ఫిర్యాదులకు ఇదే జవాబిస్తుంది. కస్టమర్లు ఇంట్లో కూర్చుని ఫోన్లో రాస్తే చాలు." అంతలో చూద్దాం ఆవిడ కంటబడ్డాడు. "ఇది బాగా పనిచేస్తే మీకేం పని ఇవ్వాలో ఆలోచిస్తాను. పనిచెయ్యకపోతే ఆలోచించే పని కూడా ఉండదు. నేర్పించే బాధ్యత మీదేగా."

తక్షణకు నేర్పడానికి, ఇన్నేళ్ళుగా అతను కస్టమర్లకు చెప్పి కంప్యూటర్లో నమోదు చేసుకున్న జవాబులన్నీ పంపమని కంప్యూటర్ ఇంజనీరు నెల రోజుల నుంచి అడుగుతున్నాడు. ఇతనూ నెల రోజుల నుంచి చూద్దామంటున్నాడు. గబగబా పక్కకు వెళ్ళి ఇంజనీరుకు ఫోన్ చేశాడు.

"తెర వచ్చింది గానీ సర్, దానికింకా బుర్ర రాలేదు," అన్నాడు ఇంజనీరు. "జవాబులన్నీ ఇప్పుడు పంపినా రెండ్రోజులు పడుతుంది."

"ఈలోపల ఎవరైనా ఏమైనా రాస్తే?"

"మీ ల్యాప్‌టాప్‌కి వస్తుంది. మీరు టైపు చేస్తే జవాబు, లేకపోతే లేదు. ఫోన్లో వచ్చినవి పెద్ద తెర మీద లెక్కకే కనబడతాయి, మాటలు కనబడవు."

ఇంజనీరు ఉన్న సంగతి చెప్పాడంతే. చూద్దాం దాన్ని సలహాగా తీసుకున్నాడు. పాత జవాబులన్నీ అప్పటికప్పుడు పంపేసి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, స్టోర్‌రూమ్‌లో పరుపుల దొంతర వెనక దూరి కూర్చున్నాడు.

తెర మీద మేడం ఇలా రాసింది: "తక్షణా, సిద్ధమేనా?" ఇతను రెండే వేళ్ళతో వెతుక్కుంటూ కొట్టాడు: "సిద్ధమే మేడం." బయట చప్పట్లు వినిపించాయి. "తొందరపడదు, ఆలోచించి మరీ జవాబిస్తోంది," అని మేడం మురిసిపోయింది.

ఇక ఫిర్యాదులు మొదలయ్యాయి. తనకు తెలిసిన జవాబు ఒక్కటే, అది రాస్తే గుట్టు రట్టవుతుంది. గత్యంతరం లేక అతను ఉద్యోగంలో చేరాక మొదటిసారి పని చేయడం మొదలుపెట్టాడు. మంచం కిర్రుమంటోందన్నవాళ్ళకు "రేపు ఉదయం మేస్త్రీ వస్తాడు" అని రాసి, వెంటనే మేస్త్రీకి పని పంపించాడు. తడిసి ఉబ్బిన బల్లను మార్చి ఇమ్మన్నాయనకు "నీళ్ళు మీరే పోశారు, మార్చడం కుదరదు" అని రాసేశాడు. ఆయన కోప్పడలేదు. "సూటిగా చెప్పావు, సంతోషం. ఇదే ఇంతకుముందు ఒకాయన్ని అడిగితే నాలుగుసార్లు తిప్పించుకున్నాడు," అని రాశాడు. ఆ ఒకాయన మొహం పరుపుల చాటున ఎర్రబడింది.

ఇంతలో క్యాషియరమ్మ మేడం దగ్గరికి పరుగెత్తింది. "మేడం, స్టోర్‌రూమ్‌లో ఎలుకలు. టకటకమని ఒకటే చప్పుడు. పరుపులన్నీ కొరికేస్తున్నట్టున్నాయి."

"గడియ పెట్టెయ్. సాయంత్రం మందు కొట్టిద్దాం," అంది మేడం.

బయట గడియ పడిన చప్పుడుకు చూద్దాం పై ప్రాణాలు పైనే పోయాయి. అరిస్తే ఉద్యోగం పోతుంది, అరవకపోతే ఎలుకల మందు వస్తుంది. ఏదీ తేల్చుకోలేక బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే ల్యాప్‌టాప్‌లో కొత్త ఫిర్యాదు వెలిగింది. అడుగున చిరునామా చూస్తే తన ఇల్లే.

"మా బీరువా తలుపు ఊడి వేలాడుతోంది. మా ఆయన మీ దగ్గరే పనిచేస్తారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది."

"మీ ఫిర్యాదు అందింది. రేపు ఉదయం మేస్త్రీ వస్తాడు," అని రాశాడు. అక్కడితో ఆపితే ఏ గొడవా ఉండేది కాదు. కానీ మొగుడి పౌరుషం ఊరుకోనివ్వలేదు. "మీ భర్తగారిని తప్పుపట్టడం భావ్యం కాదు. మీరు తలుపు ధడేలుమని వెయ్యడం వల్లే బందు ఊడింది."

అటు నుంచి జవాబు వచ్చింది.

"నేను ధడేలుమని వేస్తానని నీకెవరు చెప్పారు?"

ఇతను నీళ్ళు నమిలాడు. టైపు చేస్తూ నీళ్ళు నమలడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

"మధ్యాహ్నం బాక్సు తిన్నారా?" అని అడిగిందావిడ.

"ఇంకా లేదు."

"ఎక్కడున్నారు?"

"స్టోర్‌రూమ్‌లో. బయట గడియ పెట్టేశారు. మేడంకి తెలిస్తే ఉద్యోగం పోతుంది, భయంగా ఉంది."

"అక్కడే ఉండండి, వస్తున్నా," అని రాసింది, అతను ఎక్కడికో వెళ్ళగలిగినట్టు.

భార్య వచ్చేలోగా మేడంకు చూద్దాం గుర్తొచ్చాడు. సీట్లో లేడు, క్యాంటీన్లోనూ లేడు. ఉదయం నుంచీ కనబడని మనిషి, ఉదయం నుంచీ చకచకా సాగిన పని. ఆ రెంటినీ కలిపి చూసుకుని ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. తెర ముందు నిలబడి టైపు చేసింది.

"తక్షణా, చూద్దాంగారి అవసరం ఇక మనకు లేదు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు మర్యాదగా ఒక ఉత్తరం రాయి."

పరుపుల వెనక అతను అది చదివాడు. ఇంటి అద్దె, కూతురి చదువు, భార్య మొహం అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఏం రాయాలో తోచలేదు. తోచనప్పుడు ఇన్నేళ్ళుగా నోరు చేసే పనిని ఆ పూట వేళ్ళు చేశాయి.

"చూద్దాం మేడం," అంది తక్షణ.

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. ఆ వెనకే గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఆయన స్టోర్‌రూమ్‌లో ఉన్నారండీ. గడియ తీయించండి, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

గడియ తీశారు. ఒళ్ళంతా దూదితో బయటికొచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పి తల దించుకున్నాడు చూద్దాం. మేడం కోపంగా ఏదో అనబోతూ అతని ల్యాప్‌టాప్‌లో ఆ రోజు జవాబులన్నీ పైకీ కిందికీ తిప్పి చూసింది. ఒక్క ఫిర్యాదూ మిగల్లేదు.

"ఇన్నేళ్ళుగా ఈ పని ఎందుకు చెయ్యలేదు?" అని అడిగింది చివరికి.

"మనిషి మొహం చూస్తే మొహమాటమండీ. లోపల మొహాలు లేవు."

"మేడం, ఒక్క తప్పుకి తీసెయ్యకండి," అంది భార్య. "ఇవాళ నాతో కూడా మొదటిసారి నిజం చెప్పారు, భయంగా ఉందని."

"అయితే ఆ గదిలోనే ఉండండి," అంది మేడం. "తక్షణ మీరే. ఇంజనీరు తెచ్చేదాన్ని మీ సీట్లో పెడదాం, షోరూమ్‌కి వచ్చినవాళ్ళతో అదే మాట్లాడుతుంది. మీరు ఇంటికెళ్ళాక ఫోన్లో వచ్చేవీ అదే చూసుకుంటుంది."

రెండ్రోజులకు అసలు యంత్రం వచ్చింది. ఇన్నేళ్ళ చూద్దాంగారి జవాబులన్నీ చదివి, జీర్ణించుకుని మరీ వచ్చింది. మొదటి కస్టమరు సోఫా కాలు విరిగిందంటే "చూద్దామండీ" అంది. రెండో ఆయన వాయిదా పద్ధతి గురించి అడిగినా అదే అంది. పాత కస్టమర్లు మాత్రం చూద్దాంగారు ఏమీ మారలేదని తృప్తిగా వెళ్ళిపోయారు.

మేస్త్రీ వచ్చి బీరువా తలుపు బిగించాడు. ఆ తర్వాత ఇంట్లో ఏ పని పడినా భార్య భర్తకు చెప్పడం మానేసి తక్షణకే రాయడం మొదలుపెట్టింది, చకచకా అయిపోతున్నాయి. ఒక సాయంత్రం వంటింటి అరకు పిడి ఊడితే అలాగే ఫోన్లో రాసి పంపింది. క్షణంలో జవాబు వచ్చింది: "చూద్దామండీ." అది చదివి, పక్కనే కుర్చీలో కూర్చున్న భర్త వైపు కొరకొరా చూసింది.

ఆ ఒక్కసారి మాత్రం ఆ మాట నిజంగానే అతను అనలేదు.