చల్లటి కారుకు జ్వరం

ఇంట్లో తప్పు చూపించే మీటరు ఒక్కటైనా లేనివాడు దురదృష్టవంతుడు! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. చిక్కడపల్లిలో రెండు చాయ్‌లు తాగి, బాగా ఆలోచించి మరీ అంటున్నాను.

సరిగ్గా పనిచేసే మీటరు వల్ల మీకేం ఒరిగింది, చెప్పండి? అది ఉన్నదున్నట్టు చూపిస్తుంది. మీరు చూస్తారు. అయిపోయింది! అందులో చర్చ ఏది? పరిశోధన ఏది? పదిమంది ఒకచోట చేరి తలలు గోక్కునే భాగ్యం ఏది? అదే తిక్క మీటరైతే మనిషికి విసుగన్నది ఉండదు, ఊరికి పనన్నది తగ్గదు.

నమ్మకం కుదరకపోతే అశోక్ నగర్ ప్రేమ్‌సాగర్ గారి కారు సంగతి వినండి.

ప్రేమ్‌సాగర్ గారిది సర్కారు ఉద్యోగాల పరీక్షలకు కోచింగ్ ఇచ్చే సెంటర్. జనరల్ స్టడీస్ స్వయంగా ఆయనే చెబుతారు. ప్రపంచంలో ఏ ప్రశ్నకైనా నాలుగే జవాబులుంటాయనీ, వాటిలో ఒక్కటే కరెక్టనీ, అది తన చేతిలోని జవాబుల పట్టికలో, అంటే కీలో, ఉంటుందనీ ఆయన నమ్మకం. ఆయనకు పంతొమ్మిదేళ్ల తెల్లకారు ఒకటి ఉంది. కంపెనీ పేరు చెప్పను. ముసలితనం రావడం కంపెనీ తప్పు కాదు కదా!

ఆ కారు నడిపేవాడు ఆశన్న. పాలమూరు వైపు నుంచి వచ్చి, అప్పటికి పదకొండేళ్లుగా అదే స్టీరింగు పట్టుకుని ఉన్నాడు. సెంటర్ వెనక రేకుల గదిలో అతనూ, అతని భార్య మాసమ్మా కాపురముండేవారు. మాసమ్మ రోజూ కూలికి వెళ్లి బిల్డింగుల దగ్గర ఇటుకలు మోసేది. నౌకరీ ఉన్నన్నాళ్లే ఆ గది.

ఒక ఎండాకాలం ఆ కారులో ఇంజిన్ వేడి చూపించే ముల్లుకు తిక్క పుట్టింది. అశోక్ నగర్‌లో బుద్ధిగా బయల్దేరేది. చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర మలుపు రాగానే ఎగిరి ఎగిరి ఎర్రగీతను తాకేది. మలుపు తిరగగానే దిగేది. నారాయణగూడ చౌరస్తాలో మళ్లీ ఎక్కేది.

"ఆపు, ఆపు! ఇంజన్ కాలిపోతది!" అని సారు వెనకసీట్లోంచి కేకపెట్టేవారు.

ఆశన్న ఆపేవాడు. దిగి బానెట్ లేపేవాడు. రేడియేటర్ పైపు మీద అరచెయ్యి ఆనించి, "మామూలుగనే ఉన్నది సార్. మీరు గూడ జర చెయ్యి వెట్టి సూడుండ్రి" అనేవాడు.

"చెయ్యి అంటే అంచనా. మీటర్ అంటే సైన్సు" అనేవారు ప్రేమ్‌సాగర్ గారు. సైన్సు మాట రాగానే ఆయన నోట పుస్తకాల తెలుగు వస్తుంది. "మీటరుకు అబద్ధమాడాల్సిన అవసరం ఏముంది? దానికేం స్వార్థం?"

నిజమే కదా! స్వార్థం మనుషులకే ఉంటుంది. అందులోనూ డ్రైవర్లకు.

ఇక బానెట్ లేచిన కారు చుట్టూ చేరే సభ ఉందే, అంతటి సభ ఈ పట్నంలో మంత్రిగారు వచ్చినా చేరదు. ఎస్టీడీ బూత్ ఆయన ఫోన్ వదిలేసి వచ్చి రేడియేటర్ జామైందని తేల్చాడు. కొబ్బరిబొండాలాయన నీళ్లు మార్చమన్నాడు. స్కూటర్ మీద పోతున్న ఒక పెద్దమనిషి ఆగి, పెట్రోలు తెల్లవారుజామునే పోయించాలనీ, ఎండెక్కాక పోయిస్తే ఇంజిన్‌కు వేడి చేస్తుందనీ చెప్పాడు. సారు అన్నీ డైరీలో రాసుకున్నారు. ఎవరూ అడగనిది ఒక్క ఆశన్ననే.

లాభాలు ఇంకా ఉన్నాయి. రోజూ లిఫ్టు అడిగే సారు బావమరిది నడిచిపోవడం నేర్చుకున్నాడు. ఎదురింటివాళ్లు పెళ్లిళ్లకు కారు అడగడం మానేశారు. ఆగిన కారును తోసీ తోసీ సారు పొట్ట కాస్త లోపలికి పోయింది. ఏ డాక్టరు చెయ్యగలిగాడు ఇంత పని?

నారాయణగూడ మెకానిక్ బుగ్గయ్య కూడా బాగుపడ్డాడు. రేడియేటర్ విప్పి కడిగాడు. నీళ్ల పంపు మార్చాడు. ఫ్యాన్ బెల్టు మార్చాడు. పదిహేను రోజుల తర్వాత కూడా ముల్లు తన పద్ధతి మార్చుకోలేదు. "బండి ముసల్దైంది సార్, జర గిట్లనే ఉంటది" అని బుగ్గయ్య చేతులు తుడుచుకున్నాడు. ఆ మాట మొదటిరోజే అని ఉంటే అంత విద్య వృథా అయ్యేది!

ఆశన్నకు మాత్రం జబ్బేమిటో రెండో వారానికే తెలిసిపోయింది. ఈ మహానగరంలో మలుపు మలుపుకూ ఇండికేటర్ వేసే డ్రైవరు అతనొక్కడే. అదే అతని కొంపముంచింది. ఇంకెవరైనా అయితే ఇండికేటర్ ముట్టుకునేవారూ కాదు, ముల్లు ఎగిరేదీ కాదు.

ఓ రోజు పొద్దున్నే ఆశన్న సారును కారు దగ్గరికి పిలుచుకొచ్చాడు. జైపాల్ అనే విద్యార్థి కూడా అక్కడే పళ్లు తోముకుంటున్నాడు. జైపాల్‌కు ముప్ఫై దగ్గర పడ్డాయి, పరీక్ష నాలుగోసారి రాస్తున్నాడు. పక్క హాస్టల్లో నీళ్లు రావు కనుక సెంటర్ నల్లా నీళ్లే అతనికి దిక్కు.

"ఇంజన్ షురూ గూడ చెయ్యలే సార్. రాత్రంత సల్లగున్నది. ఒట్టి చావి తిప్పి ఇండికేటర్ ఏసిన, సూడుండ్రి" అన్నాడు ఆశన్న. ఇండికేటర్ వెలిగి ఆరినప్పుడల్లా ముల్లు కూడా ఎగిరి దిగుతోంది. "వేడైతే గింత జల్ది ఎక్కి, గింత జల్ది దిగుతదా సార్? రెంటికి ఒకటే ఎర్త్ వైరు, గది లూజున్నది. నన్ను జర పానా పట్టనియ్యిండ్రి. ఐదు నిమిషాల పని."

సారు చూశారు. కళ్లారా చూశారు. "ఇండికేటర్‌కూ ఇంజిన్ వేడికీ ఏం సంబంధం? ఏ చాప్టర్లో ఉంది?" అన్నారు. "నడపడం నీ పని. రిపేరు బుగ్గయ్య పని. కారణం తేల్చడం నా పని."

తేల్చారు కూడా! ఆదివారం వారపు పరీక్షలో ఎనభై ఏడో ప్రశ్నగా అచ్చువేశారు. పాత కారులో వేడి ముల్లు అస్థిరంగా ఉండటానికి కారణమేమి? ఎ, రేడియేటర్. బి, నీటి పంపు. సి, వైరు. డి, వాహనము నడుపు వ్యక్తి క్లచ్‌పై నిరంతరము పాదము ఉంచుట వంటి అశాస్త్రీయ అలవాట్లు మరియు విధి నిర్వహణలో నిర్లక్ష్యము.

ఆశన్న మాటకు కూడా చోటిచ్చిన ఆ నిష్పక్షపాత బుద్ధికి చేతులెత్తి మొక్కాలి.

అశోక్ నగర్ కోచింగ్ విద్యలో మొదటి పాఠం ఏమిటో తెలుసా? జవాబు తెలియనప్పుడు అన్నిటికన్నా పొడుగ్గా ఉన్నదానికి టిక్కు పెట్టాలి. పేపరు చేసినవాడు అంత పొడుగు ఊరికే రాయడు! రెండువందల ముప్ఫై ఎనిమిది మంది పరీక్ష రాస్తే, నూట అరవై ఒక్కమంది డి పెట్టారు. వాళ్లలో చాలామంది జన్మలో క్లచ్ చూసి ఎరగరు.

"ఇది నా అభిప్రాయం కాదు, మెజారిటీ" అని సారు కీ తయారుచేసి నోటీసు బోర్డుకు అంటించారు. అభ్యంతరాలుంటే రుజువులతో వారంలోగా ఇవ్వాలని కింద రాశారు. ఆ సాయంత్రమే ఆశన్నను పిలిచి, నెలాఖరుకు వేరే పని చూసుకోమనీ, గది ఖాళీ చెయ్యమనీ చెప్పారు.

"వైరు లూజుంటే మనిల్లు ఖాళీ చేసుడేంది?" అని అడిగింది మాసమ్మ. ఆమె ఏ కోచింగూ తీసుకోలేదు, అందుకే అలాంటి ప్రశ్నలు వేస్తుంది.

ఆశన్న జైపాల్ దగ్గరికి వెళ్లాడు. "తమ్మీ, జర ఒక కాయిదం రాసియ్యి" అన్నాడు. జైపాల్ ముత్యాల్లాంటి అక్షరాలతో అభ్యంతరం రాసిచ్చాడు. ఎనభై ఏడో ప్రశ్నకు సరైన జవాబు సి అన్నాడు. మర్నాడు అది ఎర్రసిరాతో తిరిగొచ్చింది, "రుజువు జతపరచలేదు" అని.

పదకొండేళ్లలో మొదటిసారి ఆశన్న సారు మాట జవదాటాడు. పానా పట్టుకుని బానెట్ కిందకి దూరాడు. ఎర్త్ వైరు బోల్టు విప్పి, తుప్పంతా గరుకు కాగితంతో రాకి, వైరు పెట్టి గట్టిగా బిగించాడు. అన్నట్టే ఐదు నిమిషాలు పట్టింది.

మర్నాడు సారును ఎక్కించుకుని నారాయణగూడ బయల్దేరాడు. ప్రతి మలుపులోనూ కావాలని ఇండికేటర్ వేశాడు. ముల్లు మధ్యలోంచి వెంట్రుకవాసి కదిలితే ఒట్టు. ఆశన్న గుండె నిండిపోయింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? అద్దంలో సారు ముఖం చూశాడు. సారు కళ్లు ముల్లు మీదే ఉన్నాయి, పెదాల మీద చిరునవ్వు కూడా వచ్చింది.

"చూశావా ఆశన్నా!" అన్నారు సారు. "నోటీసిచ్చిన నాలుగోరోజుకే కుదురుకుంది. క్లచ్ మీంచి కాలు తీసేసినవ్. కీ కరెక్టే!"

"సార్, వైరు నేనే నిన్న..."

"ఇంక చాలు. పోయేముందైనా తప్పు దిద్దుకున్నవ్, సంతోషం."

పాఠకులారా, వేళాకోళం చేద్దామనే కలం పట్టాను గానీ, ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూసినవాడు ఒకే ఒక్కడు. వాడి మాట తప్ప అందరి మాటా విన్నారు. వాడు బాగుచేస్తే, అది కూడా వాడి నేరానికే రుజువైంది.

నెలాఖరున ఆశన్న, మాసమ్మ సామాను రిక్షాలో వేసుకున్నారు. ఇనప్పెట్టె ఒకవైపు జైపాల్ పట్టాడు. పెట్టె రిక్షాలో పెట్టాక ఆశన్న అడిగాడు.

"నువ్వేం పెట్టినవ్ తమ్మీ, పరీక్షల?"

జైపాల్ పెట్టె మీది తాడు సర్దాడు. "డీ పెట్టిన అన్నా."

"ఆ పొద్దు నీ ముంగటనే సూపిచ్చిన గద. వైరని నీకు తెల్వదా?"

"తెలుసన్నా. సార్‌కు గావాల్సింది గదే గద. మార్కు పోతదని పెట్టిన."

మాసమ్మ ఏదో అనబోయింది. ఆశన్న వద్దన్నాడు. జైపాల్ భుజం మీద చెయ్యి వేసి, "మంచి పని చేసినవ్. నీకు సర్కారు నౌకరి వస్తది, సూడు" అన్నాడు.

వచ్చింది. ఏ ఆఫీసో చెప్పను. పదిసార్లు తిరిగినా కదలని మీ అర్జీ ఒకటి ఉంది కదా, అది ఇప్పుడు జైపాల్ గారి బల్ల మీదే ఉంది.