మంచుకొండ దగ్గర మోకాలి నొప్పి

మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. కోటబొమ్మాళిలో డ్రిల్లు మాస్టారుగా పిల్లల్ని పరుగెత్తించానే గానీ, నేను పరుగెత్తి ఇరవై ఏళ్లు దాటింది.

కిందటేడు మా ఆవిడ స్వర్ణకు రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. మంచం మీదుండగా టీవీలో హిమాచల్ కొండమీది పార్కొకటి చూసింది. పూలు, మంచు, ఏడాది పొడుగునా కాలినడకన ఎక్కే జనం. "ఈ కాళ్లతోనే ఎక్కి ఆ మంచు ముట్టుకుంటాను ప్రభువా" అని మాటిచ్చేసింది. నన్నడగలేదు.

ఈ మే నెలలో బయల్దేరాం. బస్సులోనే నేనొక పథకం వేసి, దిగగానే కుంటడం మొదలుపెట్టాను.

పార్కు గేటు దగ్గర చూస్తే పైకి మూడు కిలోమీటర్లు. పక్కనే క్యాంటీన్లో పకోడీలు వేగుతున్నాయి.

"సొర్ణా, నా వల్ల కాదే. నువ్వెళ్లిరా, నేనిక్కడ కూకుంటాను."

"పొద్దున్న ఎడంకాలు కుంటినావు. ఇప్పుడు కుడికాలేటి బావా?"

"నొప్పి కదే. ఒక దగ్గరుండదు, తిరుగుతాది."

"నొప్పికే తిరగాలనుంటే నీకేటి బాధ?"

అంటూనే వచ్చీరాని హిందీలో ఎవరినో కేకేసింది. నలుగురు మనుషులు కర్రలకు కట్టిన కుర్చీ తెచ్చారు. మన మన్యంలో జబ్బుమనుషుల్ని మోసే డోలీ లాంటిదే. నన్నెక్కించి, కర్రలు భుజాలకెత్తుకుని, నలుగురూ ఒకేసారి ఆకాశం వైపు చూశారు. నాకు హిందీ రాకపోయినా అర్థమైంది.

స్వర్ణ చేతికర్రతో ముందు నడుస్తోంది. దారిలో గజపతినగరం ఆయనొకడు ఎదురై మా మాటలు విని ఆగాడు.

"మాస్టారికేటయినాదమ్మా?"

"ఆపరేషన్ నాకయినాది బాబూ, నొప్పి ఆయనకొచ్చినాది."

ఒక మలుపులో డోలీ దించి వాళ్లు బీడీలు ముట్టించారు. ఇంతలో నా చెవి దగ్గర వేడిగా ఊపిరి తగిలింది. తిరిగి చూద్దును కదా, ఒంటినిండా జుట్టుతో జడలబర్రె! ఫొటోల కోసం పెంచుకునే సాధుజంతువని తరవాత తెలిసింది. అప్పటికే నేను పరుగున కొండ పైన మంచు దగ్గరికి చేరిపోయాను.

అరగంటకి స్వర్ణ వచ్చింది. ఒక్కో అడుగూ ఆచితూచి, చెమటతో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. వెనకాలే ఖాళీ డోలీతో ఆ నలుగురూ.

"నొప్పి తగ్గిపోనాదేటి బావా?" అంది గానీ జవాబు కోసం ఆగలేదు. వంగి గుప్పెడు మంచు తీసింది. కాసేపు దాన్నే చూసి, "స్తోత్రం తండ్రీ" అంటూ ఏడ్చేసింది.

ఆసుపత్రిలో ఈ మనిషి లేచి నిలబడుతుందో లేదోనని నేను గోడవైపు తిరిగి ఏడ్చిన రోజులు గుర్తొచ్చాయి. ఆమెకంటే గట్టిగా నేనే స్తోత్రం చెప్పాను.

మంచుచేత్తో నా బుగ్గ ముట్టుకుంది. "సల్లగున్నాదా?"

"ఒసే, నన్నిక్కడికి లాక్కొచ్చినందుకు నీకు దండమే."

"దండాలు తరవాత పెడుదువు. ఇది పట్టుకో" అని సంచీ, కర్ర నాకిచ్చి, ఖాళీ డోలీలో దర్జాగా కూర్చుంది.

"అదేటే? నడుస్తానని దేవుడికి మాటిచ్చినావు కదా!"

"ఎక్కుతానన్నాను. దిగుతానన్నానేటి? నువ్వు బాగా పరిగెడతన్నావు కదా, ఎనకాల రా!"

డోలీవాళ్లు హాయిగా లేచారు. స్వర్ణ కీర్తన అందుకుంది. సంచీ భుజాన వేసుకుని, మూడు కిలోమీటర్లూ వెనక కోరస్ పాడుతూ నడిచాను.