శ్రవణానికి బోర్డు చాలు

తోటలో మొక్కలు ఉండితీరాలని పట్టుబట్టేవాళ్ళంత చాదస్తులు లోకంలో ఇంకొకరు ఉండరు!

మీరే ఆలోచించండి. మొక్క ఉంటే నీళ్ళడుగుతుంది. ఆకులు రాలుస్తుంది. దానికి పురుగు పడుతుంది. వేళ్ళు పాకించి టైల్స్ పగలగొడుతుంది. ఈ తలనొప్పులన్నీ ఎవరికి కావాలి? తిరుపతి దగ్గర కొండ కింద ఉన్న ఒక బొటానికల్ గార్డెన్ వాళ్ళు ఈ సత్యాన్ని అందరికన్నా ముందే గ్రహించారు. వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి.

ఈ సంగతి తెలియక బాలసుబ్రమణ్యం, ఆయన భార్య వసంతమ్మ ఒక శుక్రవారం చిత్తూరులో బస్సెక్కారు. కూతురు లోహితకు ఇదివరకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. కూతురి జన్మనక్షత్రం చెట్టుకు కన్నతల్లి చేత్తో నీళ్ళు పొయ్యమని పంచాంగం అయ్యవారు చెప్పాడు. లోహితది శ్రవణం. శ్రవణానికి జిల్లేడు.

జిల్లేడుకేం కరువు, చిత్తూరులో దిబ్బకొకటి ఉంటుంది కదా అంటారా? వసంతమ్మ ఒప్పుకోలేదు. ఎవరూ పట్టించుకోని దిబ్బమీది జిల్లేడు వేరు, గార్డెన్లో నక్షత్రవనమని పేరుపెట్టి, బోర్డు కట్టి నిలిపిన జిల్లేడు వేరు. ఫలమంతా బోర్డులోనే ఉందని ఆమె నమ్మకం. గార్డెన్ వాళ్ళ నమ్మకం కూడా అదేనని ఆమెకు అప్పటికి తెలియదు!

తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేసుకుని, రాగి చెంబు నిండా నీళ్ళతో ఇద్దరూ గార్డెన్ గేటు దగ్గరికి వచ్చారు. వాచ్‌మన్ కుప్పయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీళ్ళు లోపలికి తీసకపోకూడదు మా. చెంబు ఈడే పెట్టేసి పో."

"చెట్టుకు పొయ్యడానికప్పా!"

"అందుకే వద్దనేది. ఆడంతా బురదైపోతాది."

ఎంత ముందుచూపు!

లోపల ఏర్పాట్లకు వంక పెట్టడానికి లేదు. సిమెంటు ఏనుగులు, సిమెంటు జింకలు. గడ్డి స్థానంలో పచ్చ కార్పెట్. నీడకు ఇనుప గొడుగులు, వాటికీ పచ్చ రంగే! కొమ్మ కనబడకుండానే స్పీకర్లో కోకిల కూస్తోంది. నిజం కోకిలైతే వసంతంలోనే కూస్తుంది. ఈ కోకిల కరెంటున్నంతసేపూ కూస్తుంది. ఏది మేలు?

నక్షత్రవనంలో శ్రవణం బోర్డు దొరికింది. 'శ్రవణం – జిల్లేడు' అని అందమైన అక్షరాలు. దాని ముందు గుండ్రటి టైల్స్ గట్టు, గట్టు లోపల తెల్ల గులకరాళ్ళు. మునస్వామి అనే పనివాడు పైపుతో ఆ టైల్సును శ్రద్ధగా కడుగుతున్నాడు.

"చెట్టు యాడప్పా?" అంది వసంతమ్మ.

"బోర్డు ఉండాది కదమ్మా!"

"బోర్డుకు నీళ్ళు పొయ్యమంటావా?"

"జిల్లేడు కలుపు కదమ్మా. పెద్దాఫీసర్లు తనిఖీకి వస్తారని పీకించేసినారు."

బాలసుబ్రమణ్యం ఆగలేకపోయాడు. "శ్రవణమంటే ఏడుకొండలసామి నక్షత్రం కూడా కదప్పా! సామి ఊర్లోనే సామి చెట్టు పీకేస్తే ఎట్ల?"

"సామి ఊరకుంటాడు నాయనా. ఆఫీసర్లు ఊరకుంటారా?"

దీనికి జవాబు మీ దగ్గర ఉందా?

వసంతమ్మ ముఖం చిన్నబోయింది. గేటు దగ్గరికొచ్చి, నిండుగా ఉన్న చెంబు అలాగే తిరిగి తీసుకుంది. కుప్పయ్యకు జాలేసినట్టుంది.

"జిల్లేడేనా మా మీకు కావాల్సింది? గోడ బయట సూడు, ఆ బిర్యానీ పొట్లాల పక్కన."

నిజమే. ప్రహరీగోడ బయట, చెత్తకుప్ప అంచున, మనిషెత్తు జిల్లేడు నిలబడి ఉంది. నాటినవాళ్ళు లేరు, నీళ్ళు పోసినవాళ్ళు లేరు. ఒళ్ళంతా పూలు!

వసంతమ్మ చెప్పులు విడిచి, కొంగు దోపుకుని, చెంబుడు నీళ్ళూ దాని మొదట్లో పోసింది. కళ్ళు మూసుకుని చాలాసేపు చేతులు జోడించింది. తర్వాత ఇంకొకసారి జోడించింది.

"రెండుసార్లు మొక్కినావే?" అన్నాడు బాలసుబ్రమణ్యం.

"ఒకటి బిడ్డ కోసరం. ఇంకొకటి ఈ చెట్టు కోసరం."

"చెట్టుకేమని మొక్కుకుంటివి?"

వసంతమ్మ గోడవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ తోటోళ్ళ కన్ను దీని మీద పడకుండా సూడు సామీ అని."