దండెం మీద ఒగ్గు కథ

1994లో ఒక ఆదివారం పొద్దున మార్కండేయ పెట్టుకున్న పని ఒక్కటే: టీ తాగి, కొత్త క్యాసెట్ డెక్కు స్పీకరును వెనక వసారాలో పెట్టడం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమస్తా అతను. తల్లి వెంకటవ్వ అతన్ని ఇంతవరకు అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మోకాళ్లు వాచి వసారా దాటలేని ఆ తల్లి, "ఒగ్గు కథ ఇనబుద్ధయితున్నది కొడుకా" అంది. అది తీర్చకపోతే అతనికి అన్నం సయించేలా లేదు.

డెక్కేమో ముందుగదిలో ఉంది. అది అమ్మిన తుకారాం ముందే చెప్పాడు: "గంత దూరమంటే లావు వైరు గావాలె భావూ. లోపట రాగి, పైన ప్లాస్టిక్. రెండు తీగలు ఒకదానికొకటి తగిలినయా, డెక్కు ఖతం."

మార్కండేయ చెవికెక్కింది చివరి మాట ఒక్కటే. తగలకుంటే చాలు కదా! ముందుగది కిటికీ నుంచి వసారా దాకా బట్టలారేసే దండెం ఇనుప తీగలు రెండు, బెత్తెడు ఎడంతో ఎప్పటినుంచో ఉన్నాయి. మళ్లీ వైరు కొనడమెందుకని డెక్కును ఈ కొసకు, స్పీకరును ఆ కొసకు బిగించాడు.

ఒగ్గు కథ క్యాసెట్ వేయగానే పలికింది! వసారాలో బీడీలు చుడుతున్న భార్య సుమిత్రమ్మ, పొరుగింటి సత్తవ్వ చేతులాపి విన్నారు. వెంకటవ్వ ముఖం వెలిగిపోయింది. మార్కండేయ మీసం మెలేసుకుంటూ ముందుగదిలోకి వెళ్లి కూర్చున్నాడు.

కథలో రాజు బిడ్డ ఏనుగెక్కబోతోంది. సత్తవ్వ మంచినీళ్లకు లేస్తూ, ఆకు కత్తిరించే ఇనుప కత్తెరను అలవాటు కొద్దీ రెండు తీగల మీదా తగిలించింది. కథ ఆగిపోయింది.

"జెప్పేటోడు సుట్ట తాగవోయిండేమో, ఆగుండ్రి" అంది వెంకటవ్వ.

సత్తవ్వ వచ్చి కత్తెర తీసుకోగానే కథ మొదలైంది. ఈసారి సుమిత్రమ్మ పొయ్యి చూడ్డానికి లేచి తన కత్తెర తగిలించింది. "గింతల్నే ఇంకో సుట్టనా!" అంది వెంకటవ్వ. కత్తెర సంగతి తెలియని మార్కండేయ, సౌండు తగ్గిందనుకుని బటన్ చివరిదాకా తిప్పాడు. డెక్కులోంచి పొగ లేచింది.

"దండెం ముట్టకుండ్రి!" అని, తీగలు కలిశాయేమోనన్న కంగారులో అరిచాడు.

"దండేనికి కరెంటొచ్చిందే!" అంటూ సత్తవ్వ వీధిలోకి ఉరికింది. ఆ మాట వీధి చివరికి చేరేసరికి ఇల్లంతా కరెంటైంది. లైన్‌మన్ కొమురయ్య పరుగున పోయి వీధి మొత్తానికి కరెంటు తీసేశాడు. టీవీలు ఆగిన జనమంతా మార్కండేయ వాకిట్లోకి వచ్చి పడ్డారు.

"ఐతారం పూట టీవీలు బందు వెట్టిస్తవా?" అని తలొక మాట అన్నారు. అవేవీ అతనికి వినపడలేదు. తల్లి దగ్గరికి పోయి, "కథ సగంల ఆగిపాయె అవ్వా" అన్నాడు.

"ఎందుకాగుతదిరా? ఏనుగెక్కంగనే రాజు బిడ్డ కండ్లు తిరిగినయ్..." వెంకటవ్వ బీడీల చాట బోర్లించి దరువేస్తూ అందుకుంది. తిట్టడానికి వచ్చినవాళ్లు మొదట నోళ్లు మూశారు, తర్వాత కూర్చున్నారు.

మార్కండేయ తెల్లబోయాడు. "కథంత నీకే వొచ్చుగదా! మరి నన్నెందుకడిగినవ్?"

"నేను జెప్తనంటె ఎన్నడన్న కూసున్నవా కొడుకా? డబ్బా జెప్తెనన్న నా పక్కన కూసుంటవనుకున్న."

మార్కండేయ సిగ్గుతో తల వంచుకుని, తల్లి పక్కనే చాప మీద చతికిలబడ్డాడు.

కరెంటు మళ్లీ ఇవ్వాల్సిన కొమురయ్య ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు గానీ, సాయంత్రం దాకా ఆ సంగతి అతన్ని ఎవరూ అడగలేదు.