రాయపురం నాడి

"ఈసారి మన సర్వేలో తప్పు శాతం సున్నా!"

చూలైలోని తన సర్వే కంపెనీ ఆఫీసులో ప్రెస్ మీట్ పెట్టి వెంకటాచలపతి ఈ ప్రకటన చేశారు. ప్రజాభిప్రాయానికి ప్రాణదాత అయిన ఆ మహానుభావుడు వెంటనే టెంపరరీ కుర్రాడు భరణిని పిలిచి, సాయంత్రానికల్లా రాయపురంలో వెయ్యిమందిని అడిగి రమ్మన్నారు. సర్వే కుదిరితే భరణికి ఉద్యోగం పర్మనెంటు. లేదంటే మళ్లీ అంబత్తూరు కార్ఖానాలో పాత లేతు మెషీను పనే.

భరణి టాబ్లెట్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. పొద్దుట్నించీ నాలుగు సర్వే కంపెనీలు వచ్చి పోవడంతో ఐదోవాడికి ఎవరూ తలుపు తియ్యలేదు. వీధిలో చేపలమ్మే మునెమ్మ ఒక్కతే జాలిపడింది.

"ఓటు ఎవురికేస్తావక్కా?"

"గొడుక్కే. ఎండ మాడుస్తా ఉండాది గదా తంబీ."

భరణి ఫోన్లో నిజం చెప్పేశాడు. "ఒక్కరే దొరికినారు సార్. గొడుగంట."

"అంటే నూటికి నూరుపాళ్లూ గొడుగే!" వెంకటాచలపతి పరవశించిపోయారు. "ఇంత ఏకాభిప్రాయం నా సర్వీసులో చూళ్లేదయ్యా!"

టీవీలో అది చూసి గొడుగు పార్టీ మంత్రి జనార్దనం ఆనందబాష్పాలు రాల్చారు. తాళం పార్టీవాళ్లు ఊరుకుంటారా? సర్వేలో మాట్లాడిందెవరో ఆరా తీసి, మునెమ్మ గంపల మీద చలువ పందిరి వేయించారు. భరణి మళ్లీ అడిగితే, నీడ దొరికింది కాబట్టి ఆమె తాళానికి మారింది. మర్నాడు చానళ్లన్నీ "రాయపురంలో తాళం ప్రభంజనం" అన్నాయి.

మంత్రిగారు పరుగున వచ్చి, కత్తిపీట ముందు కూర్చుని, రెండు కిలోల చేపలు స్వహస్తాలతో శుభ్రం చేశారు.

"పొలుసు సరింగా పోలే సామీ," అంది మునెమ్మ.

మంత్రిగారు మళ్లీ గీకారు. ఆమె మనసు సగం కరిగింది. "చెరి యాభై, హోరాహోరీ" అన్నాయి చానళ్లు. భరణి చేతికి పర్మనెంటు ఆర్డరు వచ్చింది.

పోలింగు రోజు అతను వెళ్లేసరికి మునెమ్మ తీరుబడిగా చేపలు తూస్తోంది.

"ఓటేసేసి వస్తివా అక్కా?"

"నాకేడిది ఓటు? పోయిన తూరే లిస్టులో పేరు కొట్టేసినారే!"

భరణి టాబ్లెట్ మూసేశాడు. "ముందే చెప్పుండకూడదా?"

"ఎవురికేస్తావని అడిగితివి. ఓటుండాదా అని అడగలేదే నువ్వు!"

అంతలో ఫోను మోగింది. "ఎగ్జిట్ పోల్ ఎక్కడయ్యా? చానళ్లు కాచుకుని ఉన్నాయి!" అన్నారు వెంకటాచలపతి.

భరణి చెమట తుడుచుకున్నాడు. టాబ్లెట్ తెరిచి, గొంతు సవరించుకున్నాడు.

"ఇంతకీ ఎవురికేస్తివక్కా?"

మునెమ్మ తక్కెడ కింద పెట్టి, దీర్ఘంగా ఆలోచించసాగింది.