గుడ్డు తినే త్యాగమూర్తులు

మొన్న ఆదివారం మా వసారాలో ఒక వాసన లేచింది. అది ఎవరి పుణ్యమో తేలక అన్నదమ్ములిద్దరూ వాదులాడుకున్నారు.

చివరికి మా మరిది తిప్పేస్వామి వంటింటి వైపు చూశాడు. "ఉలవ గుగ్గిళ్లు తినేటోళ్ల పని ఇది. మేం గుడ్డు తినేటోళ్లం."

"గుగ్గిళ్లు తినేది మేమూ, మన ఎద్దులూ. వాటిని గూడా అడిగి రాపో నాయనా," అంది మా అత్త ఓబులమ్మ.

మావారు పత్రిక తెచ్చి తీర్పు చదివారు. మన పేగుల్లో కంటికి కనబడని సూక్ష్మజీవులుంటాయట. మనం తిన్నదే వాటికీ తిండి. ఉలవల్లాంటివి తింటే ఒక జాతి పెరిగి గాలి పుట్టిస్తుందట. అంతటితో పత్రిక మడిచేశారు!

కాలేజీ చదువు ఊరికే పోతుందా? మిగతా సగం నేను చదివాను. ఆ గాలికి వాసన తక్కువ, ఆ జీవులు పేగులకు మేలు చేస్తాయి. గుడ్డు, మాంసం ఎక్కువైతే వాటి ప్రోటీన్ల మీద బతికే జాతి వేరే ఉంది. కంపు దాని పనితనం.

నాకు కళ్లు తెరిపిడి పడ్డాయి. మగవాళ్లు ముందు తినడం అన్యాయమని ఇన్నేళ్లూ గొణిగాను. ఎంత పొరపాటు! వానలు లేని ఈ మెట్టలో మా పెట్టలు ఎలాగో రెండు గుడ్లు పెడితే, రెండూ మొదటి పంక్తిలోనే మాయం. యాట కోస్తే కండ వాళ్లకు, పులుసు మాకు. అది ఆకలి అనుకున్నారా? కంపు జీవులు మా పేగుల్లో చొరబడకుండా అడ్డం పడటం! పామిడి పెళ్లిలో మా మరిది ఒక్కడే కోడి మొత్తానికి అడ్డం పడ్డాడు.

మా తోడికోడలు చౌడమ్మ బాలింత. పాలు చాలక చంటిది గుక్కపట్టి ఏడుస్తుంది. రోజూ గుడ్డు పెట్టమని నర్సమ్మ చెప్పి వెళ్లింది. తిప్పేస్వామి రక్షణలో చౌడమ్మకు ఇంతవరకు ఒక్క గుడ్డూ తగల్లేదు. ఆమె పేగులు బహు శుభ్రం. బిడ్డ పొట్ట అంతకంటే శుభ్రం.

ఒకరి త్యాగం మీద ఒకరం ఎన్నాళ్లని బతుకుతాం? ఆ సాయంత్రం సంగటి వడ్డిస్తూ చెప్పేశాను.

"రేపట్నుంచి గుడ్లు రెండూ చౌడమ్మకే. మీకు ఉలవ గుగ్గిళ్లు."

తిప్పేస్వామి చేతిలో ముద్ద ఆగింది. "అట్లయితే వదినా, దాని కడుపులో ఆ కంపు పురుగులు పెరగవా?"

"పెరగనీలే నాయనా," అంటూ అత్త అతని పళ్లెంలో గుగ్గిళ్లు వేసింది. "ఇన్నేండ్లు మీది ఓర్చుకుంటిమి. దానిది ఓర్చుకోలేమా."