కదలని చిరునామా

కాకినాడ శాంభవి నగర్‌లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇళ్లు చిరునామాలు మార్చుకుంటాయి. పొద్దున ఏడో వీధిలో ఉన్న ఇల్లు మధ్యాహ్నానికి రెండో వీధిలో తేలుతుంది. జనం అలవాటు పడిపోయారు, పాలవాడు మాత్రం ఇంకా సణుగుతాడు.

చిక్కల్లా రిటైరైన డ్రాయింగ్ మాస్టారు త్రినాథరావుకు వచ్చింది. ఆయన భార్య వరహాలమ్మ చేత నూట పన్నెండు పెళ్లిపాటలు పాడించి, రికార్డు చేసి, ఎక్కడివాళ్లయినా ఫోన్లో వినేలా ఇంట్లోనే వెబ్ సర్వర్ పెట్టాడు. విజయనగరంలో మంచం పట్టిన ఆమె చిన్ననాటి స్నేహితురాలు చిట్టెమ్మ వాటిని వినాలి. తీరా చిట్టెమ్మ ఫోన్లో నొక్కేసరికి ఇల్లు జరిగిపోయేది. మొన్న ఆవిడ, ఆ చిరునామాలోకి వచ్చిపడిన ఎవరింటి కుక్కరు విజిళ్లో గంటసేపు విని, వరహాలు గొంతు కాస్త మారిందని కబురు పంపింది.

మాస్టారు మునిసిపల్ ఆఫీసులో స్థిర చిరునామాకు దరఖాస్తు పెట్టాడు. నియమం ఒక్కటే. ఇల్లు కదలకుండా ఉండాలంటే ఇంట్లో ఒక మనిషి గడప దాటి కదలకూడదు. 'కదలని వ్యక్తి' అన్న గడిలో, ఇంటి యజమాని కదా అని, తన పేరే రాసుకుని వాలుకుర్చీలో కూర్చున్నాడు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ సూర్యచంద్రం ఆయన్ని మొదటి రోజు టీకొట్టు దగ్గర పట్టుకున్నాడు, రెండో రోజు పేకాటలో, మూడో రోజు మళ్లీ టీకొట్టు దగ్గర. మహానుభావుడు కుర్చీలో నలభై నిమిషాలు కూడా ఉండలేకపోయాడు.

సూర్యచంద్రం రిజిస్టరు తిరగేశాడు.

"అమ్మగారు ఇరవై ఆరేళ్లుగా ఇల్లు కదిలినట్టు ఎక్కడా లేదండి మాస్టారూ. ఎవరూ నమోదు చేయించలేదు గనక లెక్కలోకి రాలేదంతే. పేరు మార్చి సంతకం పెట్టండి."

వంటింటి గుమ్మానికి నంబరు పలక కొట్టారు. ఇల్లు నిలబడింది. చిట్టెమ్మ పాటలన్నీ వింది. మాస్టారుకు భార్యంటే ప్రాణం. ఆ సంబరంలో ఆమెను లేవనివ్వకుండా, పెళ్లయ్యాక మొదటిసారి తనే కాఫీ కలిపి ఇచ్చాడు. పంచదార మరిచిపోయాడు, ఆమె చుక్క మిగల్చకుండా తాగింది.

వారం తిరక్కుండా చిట్టెమ్మ నుంచి ఉత్తరం వచ్చింది. పాటలు విన్నానే, ఒక్కసారి వచ్చి నా పక్కన కూర్చుని పాడవే అని. వరహాలమ్మ సంచిలో రెండు చీరలు సర్దుకుని, మళ్లీ తనిఖీకి వచ్చిన సూర్యచంద్రాన్ని అడిగింది.

"రెండ్రోజులు వెళ్లి రావచ్చా బాబూ?"

"నిక్షేపంగా వెళ్లండమ్మా. మీరొచ్చేసరికి ఇల్లు ఎక్కడుంటుందో మాత్రం మేం చెప్పలేం."

"నువ్వు కదిలితే చిట్టెమ్మకి పాటలెలా అందుతాయే?" అన్నాడు మాస్టారు, ఎంతో ప్రేమగా.

ఆమె చీరలు తీసి బీరువాలో పెట్టింది. పొయ్యి ముందు నిలబడి నూట పదమూడో పాట ఎత్తుకుంది. మాస్టారు రికార్డు బటను నొక్కి, చెప్పులేసుకుని టీకొట్టుకు వెళ్లాడు.